రెండో గదవ తీయించుకున్న వేసవి

ఎనభైల చివర్లో ఒక వేసవి సెలవుల్లో నేను బెంగుళూరు వెళ్లి గడ్డం కింది కొవ్వు తీయించుకుని వచ్చాను. అప్పుడు నాకు ముప్పై ఆరేళ్లు. తమిళనాడు ధర్మపురిలో ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. మనిషిని సన్నమే. కాళ్లూ చేతులూ మా నాన్నవి, గడ్డం కింది సంచీ మాత్రం మా అమ్మ వైపు వాళ్లది. బోర్డు మీద రాయడానికి తలెత్తితే కనిపించేది కాదు, పుస్తకంలోకి వంచితే దిగి వచ్చి కాలరు మీద కూర్చునేది. గడ్డాన్ని మా ఇళ్లలో గదవ అంటాం. ఒకనాడు మంగలి కత్తి నూరుకుని ఎంతో మర్యాదగా, “మొదట ఏ గదవ సార్?” అని అడిగాడు. ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు.

విదేశంలో నేర్చుకుని వచ్చిన డాక్టరొకాయన బెంగుళూరులో సన్నటి గొట్టంతో కొవ్వు పీల్చేస్తున్నాడని పత్రికలో చదివాను. ఊళ్లో మాత్రం పన్ను పీకించుకోవడానికని చెప్పి నా భార్యతో బస్సెక్కాను. పని గంటన్నరలో అయిపోయింది. చెవుల వెనక ఒక్కొక్కటి, గడ్డం కింద ఒకటి, మూడు చిన్న గాట్లు. డాక్టరు గడ్డం కింది నుంచి నడినెత్తి దాకా సాగే పట్టీ బిగించి జాగ్రత్తలు చెప్పాడు. తల ఎత్తు మీద పెట్టుకుని పడుకోవాలి. నోరు పెద్దగా తెరవకూడదు. వేడి కాపడం పెట్టకూడదు. ఉతకడానికి తప్ప పట్టీ విప్పకూడదు. “అన్నిటికన్నా ముఖ్యం, అస్తమానం అద్దం చూసుకోకండి,” అన్నాడు. మిగతావన్నీ తూచా తప్పకుండా పాటించాను.

ఇంటికి చేరేసరికి గడ్డం వాచింది. మామూలు వాపు కాదు. నా భార్య పట్టీ పక్కకు జరిపి చాలాసేపు చూసి, “తీసినారా, ఇంకొకరిది తెచ్చి పెట్టినారా?” అంది.

“వాపు పోవడానికి టైం పడుతుందని చెప్పలేదా?” అన్నాను పళ్ల మధ్య నుంచి.

“చెప్పినారు. ఇంత అని చెప్పలేదు.”

నాలుగో రోజుకి మెడంతా నేరేడుపండు రంగు తిరిగింది. ఆ రంగు అక్కడే ఉండకుండా రోజుకింత కిందికి దిగుతూ ఆరో రోజుకి రొమ్ము మీదికి వచ్చింది. కొవ్వు ఛాతీలోకి జారుతోందేమోనని నాకు అనుమానం. బనీను పైకెత్తి, నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత దిగిందో స్కేలు పెట్టి కొలిచేవాణ్ణి. పైగా గడ్డం కింద స్పర్శ లేదు. కాఫీ తాగితే ఎంత లోపలికి పోయిందో, ఎంత చొక్కా మీదికి పోయిందో తెలిసేది కాదు. రాగి అంబలి తాగిన ప్రతిసారీ నా భార్య తువ్వాలుతో ఎదురుగా కూర్చునేది.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం నా భార్య పట్టీ ఉతికి దండెం మీద ఆరేసింది. అది ఆరేదాకా ఉండాలి కదా అని పాత పంచె చించి, గడ్డం కింది నుంచి తీసుకొచ్చి నడినెత్తి మీద ముడి వేసింది. నేను ముందు గదిలో మంచం మీద రెండు దిండ్లు ఎత్తుగా పెట్టుకుని, రొమ్ము మీద చేతులు కట్టుకుని నిద్రపోయాను. ఆమె పెరట్లోకి వెళ్లింది.

సరిగ్గా అప్పుడు పాపిరెడ్డిపట్టి నుంచి మా పెద్దమ్మ మామిడిపండ్ల బుట్టతో వచ్చింది. తలుపు తీసే ఉంది. లోపల తెల్లగుడ్డతో దవడలు కట్టిన నేను కనిపించాను. మా వాళ్లలో దవడలు అలా కట్టేది ఒక్క సందర్భంలోనే.

“అయ్యో నా కొడకా! పన్ను పీకించుకునేదానికి పోయి ప్రాణం పీకించుకొంటివే!”

నాకు మెలకువ వచ్చింది. నోరు పెద్దగా తెరవకూడదని గుర్తుంది. అందుకని కదలకుండా, పళ్లు బిగించి, “పెద్దమ్మా,” అన్నాను.

ఆవిడకి అప్పటికి డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు. అంత వేగంగా ఆవిడ వీధిలోకి పరుగెత్తడం నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు. వెనకాలే మామిడిపండ్లు దొర్లుకుంటూ వెళ్లాయి. నేను సంగతి చెబుదామని లేచి గుమ్మంలోకి వస్తే అరుపులు ఇంకా పెరిగాయి. చుట్టుపక్కల వాళ్లంతా వచ్చారు. నా భార్య తడి చేతులతో పరుగున వచ్చి, పన్ను అబద్ధం ఇక ఆగేది కాదని అసలు సంగతి చెప్పేసింది.

పెద్దమ్మ గుమ్మంలో కూలబడి నీళ్లు తాగి, తేరుకుని నన్ను ఎగాదిగా చూసింది. “ఊర్లో పొట్టలు ఇంతింత పెట్టుకొని తిరిగేవాళ్లు ఎంతమంది ఉండారు. వాళ్లకు లేని బాధ నీ గదవకు వచ్చెనా?” అంది. నాకు నవ్వొచ్చింది. నవ్వితే గడ్డం కింద సర్రున లాగింది. కళ్లనీళ్లు తిరిగాయి. నొప్పికి ఏడుస్తున్నాననుకుని ఆవిడ కరిగిపోయి, అప్పటికప్పుడు ఉప్పు మూట వేడిచేయబోయింది.

“వద్దు అత్తా, ఆయనకు ఆడ తెలివి లేదు. కాలినా తెలీదు,” అని నా భార్య మూట లాక్కుంది.

“తెలివి లేనిది ఆడ ఒక్క చోటేనా?” అంది పెద్దమ్మ.

మూడో వారానికి వాపు తగ్గింది, రంగు పసుపుగా మారి మాయమైంది. అప్పుడు కొత్త భయం పట్టుకుంది. చర్మం కింద చింతగింజల్లాంటి గట్టి ఉండలు తగిలాయి. ఎడమ వైపు కుడి వైపు కన్నా ఎత్తుగా ఉంది. గంటకోసారి నొక్కి లెక్క పెట్టేవాణ్ణి. పొద్దున ఏడు, సాయంత్రం తొమ్మిది. ఇక ఆగలేక పోస్టాఫీసుకి వెళ్లి బెంగుళూరుకి ట్రంకాల్ బుక్ చేశాను. రెండు గంటల తర్వాత లైను దొరికింది. డాక్టరు గొంతు బావిలో నుంచి వచ్చినట్టుంది.

“గడ్డం కింద గట్టిగా ఉంది డాక్టర్!” అని అరిచాను.

“ఎవరి గడ్డం?”

“నాదే! గింజల్లాగా ఉన్నాయి! తొమ్మిది!”

ఆయన ఏదో చెప్పాడు. వినపడలేదు. మళ్లీ చెప్పాడు. ఉన్నట్టుండి లైను మధ్యలో టెలిఫోన్ ఆపరేటరమ్మ గొంతు అరవంలో ఖంగుమంది: “పయప్పడాదీంగ సార్! భయపడకండి, మామూలేనంట. మూడు నెలల్లో కరిగిపోతాయంట. జ్వరం, చీము, ఎరుపు ఉంటేనే రమ్మంటున్నారు. మీరు పిసకడం మానాలంట!” తర్వాత కొంచెం తగ్గి, “పిసుకుతున్నారా సార్?” అని అడిగింది.

“కొంచెం,” అన్నాను.

“మానండి,” అంది. రిసీవరు పెట్టి వెనక్కి తిరిగితే, స్టాంపుల కోసం నిలబడ్డ వాళ్లందరూ నా మెడ వైపే చూస్తున్నారు.

ఆపరేటరమ్మ మాట మీద పిసకడం మానాను. బడి తెరిచే నాటికి పట్టీ తీసేశాను. మొదటి రోజు ప్రార్థన దగ్గర హెడ్మాస్టరు నన్ను పరీక్షగా చూసి, “ఏదో మారినారే మాస్టారూ. మీసం తీసేసినారా?” అన్నారు. మీసం ఉంది. ఉందని చెప్పాను. ఆయన ఒప్పుకున్నారు గాని, నమ్మినట్టు లేదు.

ఇంకో నెలకి ఉండలు ఒక్కొక్కటే కరిగాయి. ఒక పొద్దున పిల్లల వరస పక్కన నిలబడి ఉంటే సన్నగా తుంపర పడింది. ఒక చినుకు చెంప మీది నుంచి జారి, గడ్డం దాటి మెడ దాకా పోయింది. గడ్డం కింద కూడా చల్లగా తెలిసింది, చివరిదాకా. ప్రార్థన మధ్యలో గట్టిగా నవ్వేశాను. పిల్లలు పాట ఆపేశారు.