తాళం చూడకుండా చెయ్యి పెట్టని మనిషి

పరీక్ష కాగితాలున్న బడి ఇనప్పెట్టెను పంతొమ్మిదేళ్లకే తెరవడం ఆమె మొదటి గెలుపు. అంతకుముందు చెయ్యి తిరిగిన పనివాళ్లంతా ఓడిపోయారు. గ్యాసు మంటతో కోసేద్దామని హెడ్మాస్టరు తేల్చేశాడు. కోస్తే కాగితాలు మిగలవు. ఆమె పొద్దుటినుంచి దీపాలు పెట్టే వేళదాకా ఆ తలుపుకు చెవి ఆనించి కూర్చుని, లోపలి మర చప్పుడు విని విని చివరికి తిప్పింది. ఒక్క కాగితానికీ మసి అంటలేదు. ఆనాటినుంచి ఆమె అందరికీ తాళాలమ్మ అయిపోయింది.

తరవాత సాధించినవి ఒకటా రెండా! కోర్టు బీరువా, ఆసుపత్రి మందుల గది, లోపల పసిబిడ్డతో బిగుసుకుపోయిన మూడో అంతస్తు తలుపు, అన్నీ ఆమె చేతిలో కిక్కురుమనకుండా తెరుచుకున్నాయి. సందు మొదట్లో సొంత కొట్టు పెట్టింది. ఆమె బండి దిగితే చాలు, తాళం సగం వదులైనట్టేనని వీధివాళ్లు చెప్పుకునేవారు.

అలాంటి మనిషికి మెడలో చిక్కుడు గింజంత బిళ్ళ కట్టింది. నొప్పి లేదు కనుక పట్టించుకోలేదు. అది ఉసిరికాయంత అయ్యాక ముక్క తీసి పరీక్షించి, లింఫోమా అనే క్యాన్సరన్నారు.

"రోగాలతో పోరాడే తెల్లకణమే దారి తప్పిందమ్మా. ఒళ్లంతా గస్తీ తిరగడం దాని ఉద్యోగం. అందుకే మెడనుంచి చంకకి, చంకనుంచి కడుపులోకి సులువుగా వెళ్లిపోతుంది," అంది డాక్టరమ్మ.

"ఇంటిదొంగన్నమాట. ఈశ్వరుడికే చిక్కడు, మీకు చిక్కుతాడా?" అంది తాళాలమ్మ.

చిక్కాడు. ఆ కణాల పైపొర మీద ఒక గుర్తుంటుంది. దాన్ని పట్టుకుని చంపే మందు ఎక్కించారు. బిళ్ళలు వెన్నలా కరిగాయి. ఆమె మళ్లీ కొట్లో కూర్చుంది. కానీ ఏడాది తిరక్కుండానే గజ్జల్లో కొత్త బిళ్ళ తేలింది.

డాక్టరమ్మ మళ్లీ ముక్క తీయాలంది. తాళాలమ్మ ససేమిరా అంది.

"అప్పుడు తీసింది దాచారుగా డాక్టరుగారూ, దాన్నే ఇంకోసారి చూసుకోండి. జబ్బూ అదే, ఒళ్లూ అదే. ఆ మందే పొయ్యండి."

"జబ్బు అదే అని ఎలా చెప్పను? కణం రెండుగా చీలినప్పుడల్లా ఏదో ఒక తేడా వస్తుంటుంది. గుర్తున్నవి మందుకి పోయాయి. గుర్తు లేనివి ఎక్కడో నాలుగు బతికుంటే, ఇదంతా వాటి సంతానమే కావచ్చు. అప్పుడు పాత మందు పనిచెయ్యదు. ఈలోగా జబ్బు మీదపడితే మీరు తట్టుకోలేరమ్మా."

తోడొచ్చిన ఆడబిడ్డ అప్పుడు అందుకుంది.

"వదినా, తలుపుకి తాళం మార్చేసి, పాత తాళంచెవి చూపించి ఇలాంటిదే చేసివ్వమన్న గుమాస్తాని ఏమన్నావు?"

"ఏమన్నానే?"

"బుద్ధుండే అడుగుతున్నావా, ముందు తాళం పట్రా పో అని తరిమావు. వీధి వీధంతా విన్నది!"

"గుమాస్తాకి కత్తిగాటు పడదుగా."

"అదీ సంగతి! భయమని చెప్పు, డాక్టరమ్మకి పాఠాలు చెప్పకు."

తాళాలమ్మకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. కళ్లు తుడుచుకుని, "ఎప్పుడు రమ్మంటారు?" అని అడిగింది.

కొత్తగా తీసిన ముక్కలో పాత గుర్తు మచ్చుకైనా లేదు. పాత మందే పోసి ఉంటే గోడకు మొర పెట్టుకున్నట్టే అయ్యేది. ఈసారి కణాల మీద మిగిలున్న ఇంకో గుర్తును పట్టే మందు ఎంచారు. జుట్టు రాలింది, నోరు పూసింది, ఆకురాయి ఎత్తే బలం లేకపోయింది. అయినా ఆమె ఒక్క విడతా ఎగ్గొట్టలేదు.

మొన్నటి స్కానులో మెడా, చంకా, గజ్జలూ, కడుపూ అన్నీ శుభ్రంగా ఉన్నాయి. డాక్టరమ్మ బొమ్మ రెండుసార్లు చూసి మరీ చెప్పింది.

"ఇంకా కొన్నేళ్లు కనిపెట్టుకుని ఉండాలమ్మా."

"ఉందాం. దొంగలున్నారనేగా నా కొట్టు నడిచింది!"

ఇంటికొచ్చేసరికి ఆడబిడ్డ వీధివీధంతా టముకు వేసేసింది. పెనిమిటి కొట్టు షట్టరుకు నూనె పెట్టి, సుద్దముక్కతో దాని మీద పెద్ద అక్షరాలతో రాశాడు: తాళాలమ్మ జూన్ పన్నెండు, సోమవారం వస్తుంది.