ఐదుగురికీ ఒకే గొంతు

పోశయ్య పనిచేసే నాచారం మందుల కంపెనీలో ఒక రూలుంది. లోపలికి పోయేముందు ఫోను గేటు దగ్గర డబ్బాలో పెట్టాలి. పోయిన వానాకాలం ఒకరోజు షిఫ్టు దిగి ఫోను తీసుకుంటే పదకొండు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. అన్నీ బిడ్డ సంతోషివే. డెంగీతో దవాఖానాలో ఉంది. రెండ్రోజుల్లో ఇంటికి పంపుతామన్నారు కదా అని ఈయన డ్యూటీకి పోయాడు. ఉరుక్కుంటూ వెళ్లేసరికి అంతా అయిపోయింది. పంతొమ్మిదేళ్ల పిల్ల! "నాయ్న ఏడే అమ్మా?" అని అడిగినప్పుడల్లా "వస్తుండు బిడ్డా" అంటూ తల్లి లక్ష్మీనర్సమ్మ పొద్దంతా అబద్ధమాడింది.

చనిపోవడానికి ముందటేడు సంతోషి ఒక సినిమాకు గొంతిచ్చింది. ఉప్పల్ కుర్రాడు తేజేష్, మూతపడ్డ షెడ్డులో తీసిన హారర్ సినిమా. కాలేజీ పిల్లల్ని ఒక ముసుగువాడు కొడవలితో నరుకుతుంటాడు. హీరోయిన్‌కు కేక రాలేదు. షూటింగు చూడటానికి పోయిన సంతోషిని మైకు ముందు నిలబెట్టారు. కళ్లు గట్టిగా మూసుకుని "నాయ్నా!" అని అరిచింది. కూలీ కింద ఒక బిర్యానీ పొట్లం.

ఇప్పుడు దాని రెండో భాగం ఉప్పల్ థియేటర్లో పడింది. బిడ్డ గొంతు ఒక్కసారైనా వినబడుతుందేమోనని పోశయ్య మార్నింగ్ షోకు పోయాడు. తేజేష్ చేతిలో పైసా ఉంటే కదా! చచ్చే ఐదుగురికీ ఆ పాత కేకనే అతికించాడు. మొదటి పిల్ల చచ్చినప్పుడు పోశయ్య ఒళ్లు ఝల్లుమంది. మూడోవాడు ఇంతింత మీసాలున్నవాడు, వాడూ సంతోషి గొంతుతోనే చచ్చాడు. హాలంతా పడీపడీ నవ్వింది.

"వీనికి ఆడపిల్ల గొంతేందిర బై!"

ఐదోసారి "నాయ్నా!" అన్నప్పుడు పోశయ్య ఆగలేకపోయాడు. లేచి నిలబడి, "వస్తున్న బిడ్డా!" అని అరిచాడు.

అది ఎవరో ఫోనులో పట్టారు. సాయంత్రానికల్లా ఊరంతా అదే వీడియో. అర మార్కు కూడా దండగని అందరూ తిట్టిపోసిన సినిమా, సోమవారానికి ఎత్తేయాల్సింది, రెండు వారాలాడింది. తెర మీద కేక పడగానే కుర్రకారంతా "వస్తున్న బిడ్డా!" అని ఈలలేసేవారు. ఎగతాళే, కాదనను. పోశయ్య మాత్రం సెకండ్ షిఫ్టుకు మారి, రోజూ వాళ్ల మధ్యనే కూర్చుని, వాళ్లతోపాటే అరిచేవాడు.

"సచ్చిన పిల్లను రోజుకు ఐదుసార్లు సంపుతుండ్రు. గది సూడనీకి పోతవా? నీకేం పుట్టిందయ్యా?" అని లక్ష్మీనర్సమ్మ తలబాదుకుంది.

"సూడనీకి గాదే. పిలుస్తుంది, పలుకనీకి పోతున్న."



సినిమా ఆఖరి రోజు లక్ష్మీనర్సమ్మ చెప్పులేసుకుని తనూ బయల్దేరింది. హాల్లో పదిమంది కూడా లేరు. కుర్రాళ్లకు మోజు తీరిపోయింది. మొదటి కేక పడింది, ఎవరూ పలకలేదు. పోశయ్య లేవబోయి మళ్లీ కూర్చుండిపోయాడు. రేపటినుంచి ఈ పిలుపు కూడా ఉండదని తలుచుకున్నాడో ఏమో, పాపం! రెండు, మూడు, నాలుగు. అన్నీ బదులు లేకుండానే పోయాయి.

ఐదోది పడగానే లక్ష్మీనర్సమ్మ దిగ్గున లేచింది. మొగుని చెయ్యి పట్టి తెరకేసి పైకెత్తింది.

"వచ్చిండు బిడ్డా! గిదో, మీ నాయ్న వచ్చిండు!"