మచ్చు పొట్లాల్లో పోయిన సముద్రం

శనివారం మా మనవరాలు నా పెట్టె సర్దుతూ అట్టలు లేని పాత పుస్తకం ఒకటి బయటికి తీసింది. అచ్చు పుటలు ముట్టుకుంటే అప్పడాల్లా విరుగుతున్నాయి. మధ్యలో చేత్తో రాసిన నాలుగు ఆకులు మాత్రం చెక్కుచెదరలేదు. "ఇవెవరు రాశారవ్వా?" అని అడిగింది. రాసింది నేను, చెప్పింది మా అత్త. ఆమెకు అక్షరం ముక్క రాదు. దసరా వెళ్లి ఎండ మెత్తబడిన ఈ రోజుల్లో రెండు రోజుల సెలవు ఎలా గడపాలో తెలియడం లేదని ఆ పిల్ల పొద్దుటి నుంచి గొణుగుతోంది. అందుకని కూర్చోబెట్టి చెప్పాను.

యుద్ధం రోజుల మాట. నేను ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి కోడలిగా వచ్చి ఆర్నెల్లయింది. మామగారిది ధాన్యం, వేరుశనగ వ్యాపారం. ఆ ఇంట్లో పంచాంగం తప్ప పుస్తకం లేదు. ఎమ్మిగనూరులో నూలు అంగడి నడిపే మా పిన్నికేమో పుస్తకాల పిచ్చి. శుక్రవారం, యుద్ధానికి పెట్రోలు కరువై బొగ్గుతో నడిచే బస్సులో, తెలిసినవాళ్ల చేత ఒకటి పంపేది, సోమవారానికి తిరిగి చేరాలి. "ఒక్క ఆకు పోయినా ఇంగ పుస్తకం అడగొద్దు" అని ముందే చెప్పింది. అన్నంత పనీ చేసే మనిషి. ఆ పుస్తకాలే లేకపోతే ఆ ఇంట్లో నాకు ఊపిరాడేది కాదు.

శని, ఆదివారాల మధ్యాహ్నాలు వెనక వసారాలో అత్త వేరుశనక్కాయలు ఒలుస్తుంటే నేను పైకి చదివేదాన్ని. ఆమె ఊరికే వినే రకం కాదు. "ఆగమ్మీ, ఆ యమ్మ పొద్దున ఏం తినింది? అది రాయలేదా?" అని నిలదీసేది. రాసినవాళ్ల తరఫున నేను జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది. ఆ వారం వచ్చింది, ఓడెక్కి పోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ రేవులో నిలబడిన ఒక అక్క కథ. శనివారమే పూర్తిచేసి, పుస్తకాన్ని ముందుగదిలో గూట్లో పెట్టాను.

అక్కడే కొంప మునిగింది. వ్యాపారుల ఇళ్లలో ఆ గూట్లో ఉన్న కాగితమంతా సరుకు నమూనాగా ఇచ్చే మచ్చు పొట్లాలకే అని కొత్త కోడలికి ఎవరూ చెప్పలేదు. ఆదివారం పొద్దున్నే మామగారు కొత్త పంట గింజలు గుప్పెడు గుప్పెడు పొట్లాలు కట్టి, బేరానికి వచ్చినవాళ్లకు మచ్చు ఇచ్చి పంపించేశారు. నేను చూసేసరికి రేవు ఘట్టమంతా, నాలుగు ఆకులు, కోడుమూరు దారిలో పోతోంది. "అట్ట లేదు, కుట్టు లేదు. పనికిరాని కాగితాలనుకుంటినమ్మా" అన్నారాయన. ఆయన ముఖం చూస్తే కోప్పడడానికి కూడా లేదు. వసారాలోకి వెళ్లి ఏడ్చాను.

అత్త నా ఏడుపు కాసేపు విని, "సాల్లే. నిన్న ఇన్న్యాను కదా, నేను సెప్తా, నువ్వు రాయి" అంది.

ఆమె సముద్రం చూడలేదు. అందుకని మా సముద్రం గాలికి కొర్రచేను ఊగినట్టు ఊగింది. రేవులో అక్క మూట విప్పి జొన్నరొట్టె తిన్నది. "పుస్తకంలో రొట్టె లేదత్తా" అన్నాను. "లేకపోతే పాయె. రెండు దినాలు నిలబడినామె పస్తుంటాదా?" అంది. అచ్చులో ఆ అక్క మౌనంగా నిలబడి ఉండింది. అత్త కథలో మాత్రం వచ్చిన ప్రతి ఓడకూ ఎదురుపోయి తమ్ముణ్ణి పేరు పెట్టి పిలిచింది. అక్కడ అత్త కథ పక్కన పెట్టింది. "మా తమ్ముడు బొంబాయి రైలెక్కి పోయినాడు. మళ్ల రాలే" అంది, చేతిలో కాయ ఒలుస్తూనే. ఆ సంగతి అప్పటిదాకా నాకు తెలియదు. కళ్లు తుడుచుకుని, ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను.

రాసిన ఆకులు పోయినవాటి చోట పెట్టి, జరిగింది దాచకుండా ఒక చీటీ రాసిపెట్టి సోమవారం పుస్తకం పంపించాను. ఆ శుక్రవారం పుస్తకం రాలేదు, పిన్నే వచ్చింది. ఆమె నన్ను పలకరించకుండా నేరుగా అత్త దగ్గర కూర్చుంది. "వదినా, ఆ నాలుగు ఆకులు మూడుసార్లు సదివినా" అని, ఆ పుస్తకం మాకే ఇచ్చేసింది. సంచిలోంచి ఇంకొకటి తీసింది. సగం నుంచి చివరిదాకా ఆకులన్నీ కలిపి అంగట్లోని నీలం దారంతో కట్టి ఉంది. "దారం కాడ ఆపండి. ఆ పైన ఏమైందో ముందు నువ్వు సెప్పాల, ఈ పిల్ల రాయాల. ఆనెంక దారం ఇప్పండి" అంది.

అలా ఎన్నో ఏళ్లు నడిచింది. అచ్చులో ఉన్నది తన కథ కన్నా బాగుందని అత్త ఒక్కసారి కూడా ఒప్పుకోలేదు. చాలాసార్లు ఆమెదే న్యాయం.

ఇదంతా విన్నాక మనవరాలు తన కొత్త పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. సగంలో దారం కట్టి ఇచ్చాను. ఆదివారం మధ్యాహ్నం దారం దాకా వచ్చి, కలం పట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఉన్నట్టుండి తలెత్తి, "అవ్వా, ఈ అమ్మాయి పొద్దున ఏం తిన్నదో రాయనే లేదే!" అంది.

అత్త పోయి చాలా కాలమైందని ఇన్నాళ్లూ అనుకుంటున్నాను.