నాలుగు వేళ్ళ ఎడమకు

మనుషుల చూపుల చరిత్రను ఎవరైనా ఓపిక చేసుకుని రాస్తే, అందులో ఒక అధ్యాయం కాకపోయినా, పేజీ అడుగున ఒక చిన్న గమనికైనా దక్కవలసిన చూపు ఒకటుంది. అది ఒక సినిమా నటుడిది. కెమెరా ఎదుట నిలబడితే చాలు, ఆయన చూపు లెన్సుకు సరిగ్గా నాలుగు వేళ్ళ ఎడమకు వెళ్ళి ఆగేది. మూడు కాదు, ఐదు కాదు. నలభై ఒక్క సంవత్సరాల్లో ప్రభుత్వాలు మారాయి, కెమెరాల్లోంచి రీళ్ళు పోయి చిప్పులు వచ్చాయి, ఆయన నెత్తిమీది జుట్టు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయింది. ఆ నాలుగు వేళ్ళు మాత్రం చెక్కు చెదరలేదు.

ఈ చూపుకు పుట్టినరోజు కూడా ఉంది. అది ఆయన మొదటి షూటింగు రోజు. ఇద్దరు పోలీసులు తలుపు తోసుకుని వస్తారు. మొదటి పోలీసు "ఇంట్లో ఎవరూ లేరు సార్" అంటాడు. రెండో పోలీసు తల ఊపుతాడు. ఈయన రెండో పోలీసు. ఊపవలసిన తలను శ్రద్ధగా, భక్తిగా, నేరుగా కెమెరాలోకి చూస్తూ ఊపాడు.

"ఒరేయ్ రెండో పోలీసూ!" కెమెరామన్ గొంతుకు పైన రేకులు అదిరాయి. "లెన్సులోకి చూస్తావేంట్రా? హాల్లో కూర్చున్నవాడు నిన్నేం అరెస్టు చెయ్యమన్నాడా?"

"మరి ఎటు చూడమంటారు సార్?"

కెమెరా పక్కన నీలం రంగు స్టూలు మీద, ఒళ్ళో రిజిస్టరు పెట్టుకుని కూర్చున్న అమ్మాయి దగ్గర జవాబు ఉంది. నిన్నటి సీనులో కప్పు ఏ చేతిలో ఉంది, చొక్కా గుండీ పెట్టి ఉందా తీసి ఉందా అని రాసిపెట్టుకోవడం ఆమె ఉద్యోగం. నిన్న కుడిచేతిలో ఉన్న కప్పు ఇవాళ ఎడమచేతిలోకి వస్తే హాల్లో జనం నవ్వుతారు కనక, నవ్వకుండా కాపాడే బాధ్యత ఆమెది. ఆమె రిజిస్టర్లోంచి తలెత్తకుండానే పిడికిలి బిగించి, లెన్సు పక్కన, నాలుగు వేళ్ళ దూరంలో పట్టుకుంది.

"ఇదిగో, ఇటు చూడండి."

ఆయన చూశాడు. మొదటి టేకులో పిడికిలిని చూశాడు, రెండో టేకులో చేతి గడియారాన్ని, మూడో టేకుకు మనిషిని. టేకు ఓకే అయింది. ఎనిమిది నెలలకు పెళ్ళి కూడా అయింది. పెళ్ళి ఫోటోలో బంధువులందరూ కెమెరాను చూస్తుంటే, పెళ్ళికొడుకు ఒక్కడూ ఫోటోగ్రాఫర్ తాలూకు తెల్లగొడుగును కన్నార్పకుండా చూస్తున్నాడు.

ఆ తర్వాత నూట పదమూడు సినిమాల్లో ఆయన తల ఊపాడు. గుమాస్తాగా, కాంపౌండరుగా, పెళ్ళివారిలో ఒకడిగా ఊపాడు. కానీ పేరు మాత్రం రెండోపోలీసనే స్థిరపడింది. కరెంటు బిల్లు ఇచ్చేవాడు కూడా "రెండోపోలీసు గారూ" అని పిలిచేవాడు. గుర్తింపు కార్డు కోసం ఫోటో దిగడానికి ఒకసారి ఆఫీసుకు వెళ్తే అక్కడొక సంఘర్షణ జరిగింది.

"సార్, ఇటు చూడండి."

"చూస్తున్నానుగా."

"నన్ను కాదు సార్, కెమెరాని."

"కెమెరాని చూస్తే సహజంగా ఉండదు బాబూ."

"సహజంగా ఉండక్కర్లేదు సార్, మీలా ఉంటే చాలు."

ఆరో ప్రయత్నానికి ఆ గుమాస్తా చేతులెత్తేశాడు. ఆ కార్డు చూసినవాళ్ళు ఎవరైనా సరే, ఒకసారి వెనక్కి తిరిగి తమ భుజం పక్కన ఎవరున్నారా అని చూసుకునేవారు.

పెళ్ళయ్యాక ఆమె ఉద్యోగం మానేసింది. స్టూలు మాత్రం ఇంటికి తెచ్చుకుంది. రిజిస్టరు అలవాటూ వెంట వచ్చింది. "నిన్న ఈ కప్పు చెవి గోడవైపు ఉంది. ఎవరు జరిపారు?" అని అడిగేది. కూతురు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయాక ఇంట్లో మిగిలింది ఇద్దరే కాబట్టి అనుమానితుల జాబితా పెద్దగా ఉండేది కాదు. అయినా ప్రతి రోజూ విచారణ జరిగేది. ఆయన ప్రతి రోజూ నేరం ఒప్పుకునేవాడు.

ఆమె పోయి ఆరేళ్ళు. ఒంటరితనం అంటే ఏమిటని అడిగితే ఆయన దగ్గర పెద్ద పెద్ద మాటలేవీ లేవు. పెట్టిన వస్తువు పెట్టినచోటే ఉండటం, అంతే. సోఫా మీద పొద్దున వదిలిన కళ్ళజోడు సాయంత్రానికి అదే మడతలో, అదే వాలులో ఉండేది. ఎవరూ జరపరు. ఎవరూ అడగరు.

వేషాలు కూడా ఆ రోజుల్లోనే తగ్గాయి. పోలీసులంటే కండలు తిరిగిన కుర్రాళ్ళు కావాలన్నారు. "మిమ్మల్ని చూస్తే దొంగకే జాలేస్తుంది బాబాయ్, ఏమనుకోకండి" అని ఒక సహాయ దర్శకుడు నిజం చెప్పేశాడు. సెట్టు మీద స్టిల్సు తీసే పాత మిత్రుడు అదే నెలలో పనికి స్వస్తి చెబుతూ, తన కెమెరాను, మూడుకాళ్ళ స్టాండును తెచ్చి ఆయన ఇంట్లో దించిపోయాడు.

"ఉంచుకో గురూ. దీని ముందు నిలబడి నలభై ఏళ్ళు పాడు చేశావు. వెనక నిలబడి ఇంకో నాలుగేళ్ళు పాడు చెయ్యి."

మొదట గదుల్ని తీశాడు. ఏ వస్తువు ఎక్కడ ఉందో ఆమె రిజిస్టర్లో రాసేది, తను ఫోటో తీస్తున్నాడు, తేడా అంతే అనుకున్నాడు. ఒకరోజు చొక్కా గుండీ ఊడి ఎక్కడో పడింది. దొరకలేదు. ఇంకో గుండీ తీసుకుని, అది వెళ్ళి ఉండగల చోట్లన్నిటా పెట్టి ఫోటోలు తీశాడు: మంచం కింద, చెప్పులో, సబ్బు పెట్టెలో, రేడియో వెనక దుమ్ములో. ఇరవై రెండు ఫోటోలు. వాటిని ఆమె ఖాళీ రిజిస్టర్లో అతికించి, ఒక్కోదాని కింద ఒక్కో వాక్యం రాసి, నాలుగేళ్ళ మనవరాలికి పంపించాడు.

కూతురు ఊరికి ఆ చివర, రెండు బస్సులు మారి వెళ్ళేంత దూరంలో, కళ్ళజోళ్ళ దుకాణంలో కళ్ళు పరీక్షిస్తుంది. ఆ రిజిస్టరు ఆమె బల్లమీద ఉండగా, కళ్ళు చూపించుకోవడానికి వచ్చిన ఒకావిడ తిరగేసింది. ఆవిడ పిల్లల బొమ్మల పుస్తకాలు వేసే సంస్థలో సంపాదకురాలు. అలా అరవై నాలుగో ఏట ఆయన రచయిత అయ్యాడు.

సంపాదకురాలి ఆఫీసు టైర్ల కొట్టు మీద రెండో అంతస్తులో ఉండేది. అక్కడి ప్రూఫులన్నీ రబ్బరు వాసన వేసేవి. మొదటి పుస్తకంలో గుండీతో పాటు ఆయన చేతులు పడ్డాయి. రెండోది చెప్పుల కథ, అందులో పాదాలు పడ్డాయి. "ఈ తాత మొహం ఎలా ఉంటుంది?" అని పిల్లలు ఉత్తరాలు రాశారు. దాంతో మూడో పుస్తకంలో మనిషి మొత్తం పడాలని తీర్మానమైంది.

దాని కథ ఆయనే చెప్పాడు. ఒక తాత ఒక్కడే ఉంటాడు. ప్రతి పేజీలోనూ ఇంట్లో ఏదో ఒకటి కాస్త జరిగి ఉంటుంది. కుర్చీ, కప్పు, చెప్పు. "ఎవరు జరిపారు?" అని వెతుకుతాడు. ఎవరూ ఉండరు. ఇరవై నాలుగో పేజీలో, ఆఖరిదాంట్లో, తలెత్తి, పేజీలు తిప్పుతున్న పాపనో బాబునో నేరుగా చూసి "నువ్వా!" అంటాడు.

సంపాదకురాలు చప్పట్లు కొట్టింది. చివరి పేజీ ఫోటో వచ్చాక చప్పట్లు ఆగిపోయాయి.

"సార్, తాత ఎవర్ని చూస్తున్నాడు?"

"పిల్లల్ని."

"పిల్లలు ఇక్కడున్నారు. మీరు వాళ్ళ పక్కన ఎవర్నో చూసి 'నువ్వా' అంటున్నారు. రాత్రికి దీపం ఆర్పనివ్వరు సార్, భయపడి."

మళ్ళీ తీశాడు. నేలమీద తెల్ల టేపు ముక్క అతికించి, టైమరు నొక్కి, కెమెరా ముందు ఎర్రదీపం మిణుకుతూ, టైమరు పది సెకన్లు పిట్టలా కూస్తుంటే నడిచివచ్చి టేపు మీద నిలబడి చూశాడు. అరవై ఫోటోలు. అరవైలోనూ నాలుగు వేళ్ళ ఎడమకు.

"శుక్రవారం ప్రెస్సుకి పంపాలి" అంది సంపాదకురాలు ఫోన్లో. "కుదరకపోతే చెప్పండి సార్, వేరే ఎవరినైనా నిలబెడదాం. ఆ ఒక్క పేజీకే."

వేరే ఎవరైనా! జీవితమంతా రెండోవాడిగా నిలబడ్డ మనిషికి, తన సొంత కథలో, తన సొంత ఇంట్లో, ఆఖరి మాట అనడానికి ఇంకొకరు వస్తారట. ఆయనకు కోపం రాలేదు. ఇల్లు మాత్రం ఉన్నదానికంటే కాస్త పెద్దదిగా కనిపించింది.

బుధవారం కూతురికి ఫోన్ చేశాడు. మామూలుగా ఆదివారాలు తనే చేస్తుంది, ఆరు నిమిషాలు.

"ఒక్కసారి వచ్చి కెమెరా వెనక నిలబడతావా అమ్మా? నిన్ను చూస్తే లెన్సును చూసినట్టే అవుతుంది."

"ఎల్లుండి దాకా దుకాణంలో నేనొక్కదాన్నే నాన్నా. అయినా నేను నిలబడితే నన్ను చూస్తావని ఏంటి నమ్మకం? పన్నెండు పుట్టినరోజు ఫోటోలున్నాయి నా దగ్గర. అమ్మ కెమెరా పక్కన నిలబడి తీయించినవి. ఒక్కదాంట్లో కూడా నువ్వు ఇటు చూడలేదు. చిన్నప్పుడు అవి చూస్తూ అనుకునేదాన్ని, నా పక్కన ఇంకో పిల్ల ఉందేమో, నాన్నకి అదంటేనే ఇష్టమేమోనని."

ఫోన్లో కనబడదని తెలిసినా ఆయన తల ఊపాడు. నలభై ఏళ్ళు మాటల్లేని వేషాలు వేసిన అనుభవం ఆ నిమిషంలో అక్కరకొచ్చింది.

"రోజంతా జనానికి 'ఇటు చూడండి' అని చెప్పే పని నాది" అంది కూతురు, ఈసారి నవ్వుతూ. "నువ్వు ఎడమకే చూస్తావు కదా? కెమెరానే ఎడమకి జరుపు. సరిపోతుంది."

ఇంత తేలికైన ఉపాయం తట్టనందుకు ఆయన సిగ్గుపడ్డాడు. గురువారం మధ్యాహ్నం, వెలుతురు బాగున్నప్పుడు, కెమెరాను నాలుగు వేళ్ళు ఎడమకు జరిపాడు. టైమరు నొక్కాడు. చూపు మరో నాలుగు వేళ్ళు ఎడమకు జరిగింది. ఇంకాస్త జరిపాడు. అదీ ఇంకాస్త జరిగింది. ఒకసారి కెమెరా ముందు, ఒకసారి చూపు ముందు, ఇలా దొంగాపోలీసూ ఆడుకుంటూ హాలు సగం దాటారు. నాలుగు గంటలకు స్టాండు కాలు గోడకు తగిలింది.

అప్పుడు ఆయన చేతిలో స్టూలు ఉంది.

నీలం స్టూలు. కెమెరాను జరిపిన ప్రతిసారీ దాన్నీ ఎత్తి, కెమెరాకు ఎడమపక్కన పెడుతూ వచ్చాడు. ఈసారి గోడ అడ్డొచ్చింది, పెట్టడానికి చోటు లేదు. అందుకని దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. ఈ స్టూలు ఇక్కడెందుకుంది అని ఆయన తనను తాను అడగడం అదే మొదటిసారి. లెన్సు మూత పెట్టుకోవడానికని చెప్పుకునేవాడు. మూత ఎప్పుడూ జేబులోనే ఉండేది. వంటగదిలో గుండీని తీసినప్పుడూ, మంచం కింద దూరి చెప్పును తీసినప్పుడూ, ఆరేళ్ళుగా స్టాండు ఎక్కడుంటే స్టూలు అక్కడ, ఎడమపక్కన, ఖాళీగా ఉంది.

స్టూలు బరువేమీ కాదు, అయినా చేతులు నొప్పి పుట్టాయి. కిందనుంచి ఎవరో స్కూటరును పదే పదే తన్నుతున్న చప్పుడు వచ్చింది, అది అంటుకోలేదు.

చివరికి స్టూలును కెమెరా వెనక పెట్టాడు. ఆమె కూర్చుంటే తల ఎంత ఎత్తున ఉంటుందో ఆయనకు కొలవక్కర్లేదు. స్టాండును ఆ ఎత్తుకు దించాడు. ఇప్పుడు టేపు మీద నుంచి చూస్తే స్టూలు కనబడదు. ఆమె మొహం ఉండవలసిన చోట లెన్సు ఉంది.

"ఎవరు జరిపారు?" అన్నాడు పైకే, నవ్వొచ్చి. ఇంట్లో అనుమానితుడు ఒక్కడే.

టైమరు నొక్కాడు. అది పిట్టలా కూసింది. టేపు మీద నిలబడి, తలెత్తి చూశాడు.

"నువ్వా!"

ఒక్క ఫోటో చాలింది. శుక్రవారం పొద్దున సంపాదకురాలు ప్రూఫు చూసి "సార్, ఇది నన్నే అన్నట్టుంది" అంది. కింద టైర్ల కొట్టువాడు ఏదో టైరును బాదుతున్నాడు. ఆవిడ కిటికీ మూసి, పేజీ అంచున టిక్కు పెట్టింది.

పుస్తకం వచ్చిన మొదటి ఆదివారం మధ్యాహ్నం కూతురు మనవరాలిని తీసుకుని, రెండు బస్సులు మారి వచ్చింది. మనవరాలు తాత పక్కన సోఫాలో చేరింది. ఆయన గొంతు సవరించుకుని, నూట పదమూడు సినిమాల్లో దక్కని మాటలన్నిటినీ ఒక్కసారిగా పలుకుతున్నవాడిలా చదవడం మొదలుపెట్టాడు. పాప పదకొండో పేజీ దగ్గర నిద్రపోయింది.

ఆయన చదవడం ఆపాడు. కూతురు పుస్తకం అందుకుని, మిగతా పేజీలు తనే తిప్పింది. ఇరవై నాలుగో పేజీ దగ్గర ఆగింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో చూసింది. దగ్గరగా చూసింది, దూరంగా పట్టుకుని చూసింది. ఆయన సోఫాలో కదలకుండా కూర్చున్నాడు, పాప తల ఒళ్ళో ఉంది కనక. అంతకంటే ఎక్కువగా, కదలడానికి భయపడ్డాడు.

"నాన్నా."

"చెప్పమ్మా."

ఆమె వచ్చి ఎదురుగా కూర్చుంది. గడ్డం పట్టుకుని ఆయన మొహాన్ని తనవైపు తిప్పుకుంది. ఆయన ఆమెను చూశాడు, నేరుగా. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. అయినా చేస్తున్న పని ఆపలేదు, చూపుడువేలితో ఆయన ఎడమ రెప్పను కాస్త పైకెత్తింది.

"ఎప్పుడూ పక్కకి చూస్తుంటే కంట్లో ఏముందో ఎలా తెలుస్తుంది ఎవరికైనా? మంగళవారం దుకాణానికి రా. తొమ్మిదింటికల్లా."

మంగళవారం వెళ్ళాడు. ఎడమ కంట్లో శుక్లం.