నా ఐదు వందలకు కరువు లేదట

మా ఇంటికి సర్కారు సొమ్ము రెండు దారుల్లో వచ్చేది. ఒకటి మా అన్న జీతం. అన్న శంషాబాద్‌లో ఒక సర్కారు బడిలో అటెండరు. రెండోది నా వికలాంగుల పింఛను, నెలకు ఐదు వందలు. ఏ దారిన వచ్చినా ఉడికేది ఒకే పొయ్యి మీద. ఒకే కిరాణా దుకాణంలో ఒకే కందిపప్పు కొనేవాళ్ళం. ఆ దుకాణం సేటు అన్నకు ఒక ధర, నాకు ఒక ధర ఏనాడూ చెప్పలేదు.

ఏటా రెండుసార్లు అన్నకు కరువు భత్యం పెరిగేది. ధరలు ఇంత పెరిగాయి, పాత జీతంతో మనిషి ఎట్లా బతుకుతాడని సర్కారే లెక్క కట్టి పెంచేది. ఉత్తర్వు ఆలస్యమైతే బకాయిలతో సహా ఇచ్చేది. మంచిదే, మా అన్న కడుపు కొట్టమని నేనెప్పుడూ అనలేదు. పెరిగిన రోజు అన్న బస్టాండు దగ్గర మిర్చి బజ్జీలు కట్టించుకుని రావడం మా ఇంట్లో ఆనవాయితీ. అమ్మ మొదటి బజ్జీ నా చేతిలో పెట్టేది. తింటుంటే నషాళానికి అంటేది. ఆ మంట మిరపకాయదేనని ఇంట్లో అందరూ అనుకునేవాళ్ళు.

కరువంటే ఏమిటి? పప్పు పిరం కావడం, నూనె పిరం కావడం, ఆటో కిరాయి పెరగడం. ఇవన్నీ మా అన్నకే జరిగాయట. అదే ఇంట్లో, అదే పప్పు తింటున్న నాకు జరగలేదట. ఐదు వందలు ఇచ్చి పక్కన కూర్చోబెట్టారు, ఆరేళ్ళు అట్లాగే కూర్చోబెట్టారు.

నాకు మూడేళ్ళప్పుడు పోలియో వచ్చి కుడికాలు ఎండిపోయింది. ఎడమ కాలికంటే రెండంగుళాలు పొట్టి. అందుకని కుడికాలికి ఎత్తు చెప్పు కావాలి. కాటేదాన్‌లో ఒక రబ్బరు పని షెడ్డులో ఒకతను మామూలు చెప్పు కింద రబ్బరు పలకలు ఒకదానిమీద ఒకటి అతికించి, అరగదీసి, నా కొలతకు తయారు చేసేవాడు. ఏడాది తిరిగేసరికి అది అరిగిపోయేది. అరిగిన చెప్పుతో నడిస్తే నడుము ఒక పక్కకు గుంజి, పొద్దు గూకేసరికి కూర్చోలేను, పడుకోలేను. నడవకపోతే నా పని సాగదు. విమానాశ్రయం తెరిచాక మా ఊరి నిండా కిరాయి గదులు లేచాయి. అక్కడ సామాన్లు మోసేవాళ్ళు, ఊడ్చేవాళ్ళు, కాపలా కాసేవాళ్ళు ఆ గదుల్లో ఉండేవాళ్ళు. నేను జొన్న రొట్టెలు చేసి, సంచిలో పెట్టుకుని గది గదికీ తిరిగి అమ్మేదాన్ని. చెప్పు ఉంటే రొట్టె ఉంది, రొట్టె ఉంటే నా చేతిలో నాలుగు రూపాయలున్నాయి.

విమానాశ్రయం తెరిచిన రోజుల్లోనే పింఛను రెండు వందల నుంచి ఐదు వందలైంది. అప్పుడు ఒక్క నెల పింఛనుతో చెప్పు వచ్చి, రానూపోనూ ఆటోకు కూడా మిగిలింది. నాలుగేళ్ళు గడిచేసరికి అదే చెప్పుకు రెండు నెలల పింఛను చాలలేదు. కాటేదాన్ అతనితో కొట్లాడాను.

"అక్కా, రబ్బరు పిరమైంది, బంక పిరమైంది, షెడ్డు కిరాయి పెంచిన్రు. నేనేం జెయ్యాలె చెప్పు?" అన్నాడు.

అతనిది తప్పని ఎట్లా అంటాను? జొన్నలు పిరమైతే నేనూ రొట్టెకు రూపాయి పెంచాను. కిరాయి గదుల్లోని పిల్లగాళ్ళు కాసేపు గొణిగి ఇచ్చారు. రొట్టెలు అమ్ముకునే ఆడదానికి తెలిసిన లెక్క అంత పెద్ద సర్కారుకు తెలియదా? తెలుసు. అన్న విషయంలో ఏడాదికి రెండుసార్లు గుర్తొస్తుంది కదా. నా దగ్గరికి వచ్చేసరికే మరుపు.

ఒక రోజు అన్నే అన్నాడు, "దరఖాస్తు పెడదాం చెల్లె. అడగందే అమ్మన్న పెట్టదు." ఏళ్ళ తరబడి ఫైళ్ళు మోసిన మనిషి కదా, ఆ భాష వచ్చు. 'ఉద్యోగులకు కరువు భత్యం పెంచిన ప్రకారమే వికలాంగుల పింఛనుకు సైతం పెంచ ప్రార్థన' అని తెల్ల కాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. ఇద్దరం మండలం ఆఫీసుకు పోయాం.

అక్కడి గుమాస్తా చదివి, పక్క కుర్చీ ఆయనకు చూపించి నవ్వాడు.

"పింఛనుకు డీఏ ఏందమ్మా? గిదేమన్న జీతమా? సర్కారు దయతోని ఇచ్చేది."

"మీకు డీఏ ఎందుకిస్తరు సారూ?" అన్నాను.

"ధరలు పెరుగుతయి గద."

"మరి నేను కొనే పప్పు ధర పెరగలేదా?"

అన్న నా చెయ్యి పట్టుకుని నొక్కాడు. గుమాస్తా ముఖం మాడ్చుకుని నా పాత వికలాంగుల సర్టిఫికెట్టు తిరగేశాడు. "ఇది ఇగ చెల్లదు. దవాఖానల డాక్టర్ల క్యాంపుకు పోయి కొత్తది తెచ్చుకోవాలె. కంప్యూటర్ల ఎక్కితేనే ఏదన్న" అన్నాడు.

ఆ 'ఏదన్న' పట్టుకుని మేం సంబరపడ్డాం. కొత్త కాగితం వస్తే కొత్త రేటు వస్తుందేమోనని దారి పొడుగునా అన్న అంటూనే ఉన్నాడు. మా బుద్ధి అంతే.

మా అమ్మకు ఒక పట్టింపు ఉంది. నలుగురిలోకి పోతే ఉతికిన బట్ట కట్టాలి, తల దువ్వుకోవాలి, ఎవరూ అయ్యో అనకుండా ఉండాలి. చిన్నప్పుడు పొలం గట్టు మీద నా వీపు వెనక అరచెయ్యి పెట్టి నడిపించేది. "సక్కగ నడువు బిడ్డా, నలుగురు నవ్వొద్దు" అనేది. ఆ మాట లెక్కలేనన్నిసార్లు విన్నాను. కాళ్ళు నొప్పులు పుట్టి ఏడ్చినా వదిలేది కాదు. నేను ఇవాళ నడుస్తున్నానంటే ఆ అరచెయ్యి వల్లే.

క్యాంపుకు పోయే ముందు అమ్మ నా పాత చెప్పు చూసి, "సర్కారు ముంగటికి గిట్ల పోతవా?" అంది. దాచుకున్నదంతా ఊడ్చి కాటేదాన్ పోయి కొత్త చెప్పు చేయించుకున్నాను. గంజి పెట్టిన చీర కట్టాను. పెళ్ళిచూపులకు పోయినట్టు పోయాం.

దవాఖాన ఆవరణలో షామియానా వేశారు. పొద్దున పోతే మధ్యాహ్నం దాటాక నా వంతు వచ్చింది. డాక్టరు కోస్తా వైపు మనిషి, మాట మెత్తన. కాలు పట్టి చూసి, "ఏదీ, కొంచెం నడిచి చూపించమ్మా" అన్నాడు. చెప్పు తీయమనలేదు, నేనూ తీయలేదు. వెనక అమ్మ ఉంది. ఎనిమిది అడుగులు వేశాను, నా బతుకులో అంత తిన్నగా ఎప్పుడూ నడవలేదు.

"అబ్బో, చక్కగా నడుస్తున్నావే!" అన్నాడు.

అమ్మ ముఖం వెలిగిపోయింది. నిజం చెప్తున్నాను, నాకూ సంతోషమైంది. ఒక డాక్టరు నా నడకను మెచ్చుకోవడం అదే మొదలు. ఇప్పటికీ నా మీద నాకు కోపం వచ్చేది ఆ సంతోషానికే.

నెల తర్వాత కాగితం వచ్చింది. వైకల్యం ముప్పై ఎనిమిది శాతమేనట. నలభై ఉంటేనే పింఛను. ఆ నెల నుంచి నా పేరు పోయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదీ జరిగింది. పెంచమని అడగబోయి ఉన్నది పోగొట్టుకున్నాను. నేను నడవడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. ఆ నడకనే నాకు శిక్ష చేశారు.

రెండు వారాలకు అన్నకు కరువు భత్యం పెరిగింది. ఆ రోజు ఖాళీ చేతులతో వచ్చి, చెప్పులు విడిచి, గోడవారన కూర్చున్నాడు. నేనే అరిచాను.

"బజ్జీలేవి? నీ కరువు నీకొచ్చింది గద! తే!"

ఆ మాట వాణ్ణి అనవలసింది కాదు. అనవలసినవాళ్ళు ఎక్కడుంటారో, వాళ్ళ గుమ్మం ఏదో నాకు తెలియదు. తెలిసినవాడు అన్న ఒక్కడే.

ఆ తర్వాత ఏడాదిన్నర పింఛను లేదు. చెప్పు అరిగితే అన్న ఒకసారి చేయించి ఇచ్చాడు. వాడికి ఇద్దరు పిల్లలు, బడి ఫీజులు. మళ్ళీ అడగడానికి నోరు రాలేదు. సైకిలు టైరు ముక్క కోసి కింద అతికించుకుని తిరిగాను. వాన పడ్డ రోజు కిరాయి గదుల ముందు జారి పడ్డాను, సంచిలోని రొట్టెలు బురదలో పడ్డాయి. ఒక పిల్లగాడు పరుగెత్తుకొచ్చి లేపబోతే వాణ్ణీ కసిరాను. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదన్నట్టు ఉంది నా పని. నడుస్తానని పింఛను ఇవ్వరు, నడవడానికి చెప్పూ లేదు.

రెండు వేల పద్నాలుగులో కొత్త రాష్ట్రం వచ్చింది. వికలాంగులకు పదిహేను వందలన్నారు. ఊళ్ళో ముసలీముతకా పంచాయతీ ఆఫీసు ముందు వరస కట్టారు. నేను మళ్ళీ పరీక్షకు దరఖాస్తు పెట్టుకున్నాను, పిలుపు వచ్చింది. దవాఖానకు పోయిన రోజు అమ్మ ఉతికిన బట్ట కట్టమనలేదు. తల దువ్వుకోమని కూడా అనలేదు.

దవాఖాన గేటు పక్కన సిమెంటు అరుగు ఉంది. అమ్మ నన్ను దాని మీద కూర్చోబెట్టింది. మోకాళ్ళ నొప్పుల మనిషి, కిందికి వంగి, నా కుడి చెప్పు పట్టీ విప్పి, దాన్ని కొంగులో చుట్టుకుంది.

"ఇయ్యాల సక్కగ నడువకు బిడ్డా" అంది.

నా ముఖం చూడకుండానే అంది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళంతా మండిపోయింది. అబద్ధం ఏముంది ఇందులో? నా కాలు నిజంగానే పొట్టిది. కానీ ఆ మాట మా అమ్మ నోట పలికించారు చూడండి, దాన్ని నేను చచ్చేదాకా మరిచిపోను. లోపల వేరే డాక్టరు నడవమన్నాడు. ఉత్తకాళ్ళతో మూడు అడుగులు వేసి, పక్కకు ఒరిగి, ఆయన బల్ల పట్టుకున్నాను. ఆయన రాసుకున్నాడు. యాభై రెండు శాతం వచ్చింది.

పదిహేను వందలు చేతికి వచ్చిన రోజు అన్న, "చూసినవా, మూడింతలైంది" అన్నాడు. దేనికి మూడింతలు? ఆరేళ్ళ కిందటి ఐదు వందలకు. ఆ ఆరేళ్ళలో ధరలు మింగిందెంత? అన్నకు నాలుగు నెలలు ఆలస్యమైతే బకాయిలు ఇచ్చారు. నా ఆరేళ్ళ బకాయి ఎవరి దగ్గరుంది? వచ్చే ఏడు పప్పు పెరిగితే ఈ పదిహేను వందలు పెరుగుతాయా? మళ్ళీ ఓట్లు వచ్చేదాకా కదలవని నాకు ఆ రోజే తెలుసు. ఇచ్చినవాళ్ళకు దండం పెట్టాలట. నేను పెట్టలేదు, తీసుకున్నాను.

ఆ డబ్బుతో మొదట కాటేదాన్ పోయి చెప్పు చేయించుకున్నాను. ఇంటికి వచ్చి, వాకిట్లో వేసుకుని, కొలత సరిపోయిందో లేదోనని అటూ ఇటూ నడిచాను. చాలా రోజుల తర్వాత నడుము తిన్నగా నిలిచింది. గడపలో కూర్చున్న అమ్మ వైపు చూశాను. కొత్త చెప్పు వేసుకున్న ప్రతిసారీ తను అనే 'సక్కగ నడువు బిడ్డా' కోసం చూశాను.

అమ్మ నా కాళ్ళ వైపు చూసింది. తర్వాత వీధి వైపు చూసింది.

"ఇంట్లకొచ్చి నడువు బిడ్డా" అంది. "ఎవలన్న జూస్తరు."