వాసన తిరిగొచ్చిన నలభై రోజులు

పులిసిన మామిడి గుజ్జును బాగుందని పంపేసిన రోజున, నా ముక్కుకు ఏదో అయిందని మొదటిసారి భయపడ్డాను. చిత్తూరు దగ్గర గుజ్జు తీసే ఫ్యాక్టరీలో పదకొండేళ్లుగా నా పని వాసన చూడటమే. గుజ్జును వేడిచేసే ముందు ప్రతి ట్యాంకు నుంచీ ఒక గ్లాసు తీసి పీల్చాలి. పులుపు తగిలితే ఆపమనాలి. ఆ రోజు సరేనన్నాను. కాసేపటికి సూపర్‌వైజర్ రెడ్డెప్ప అదే గ్లాసు తెచ్చి నా ముఖం ముందు పెట్టాడు.

"ఇంత పులిసిపోయిండాది, నీకు తెలీల్యా అక్కా?"

మళ్లీ పీల్చాను. ఏమీ రాలేదు. పసుపుపచ్చటి గుజ్జు కంటికి కనిపిస్తోంది, అంతే.

అప్పటికి రెండేళ్లుగా పొద్దున లేస్తూనే తుమ్ములు, కారే ముక్కు. జలుబే కదా అని మెడికల్ షాపు మాత్రలతో నెట్టుకొచ్చాను.

తిరుపతిలో ఇ.ఎన్.టి. డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. రక్తపరీక్షలో అలర్జీని చూపే ఐజీఈ, ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు బాగా ఎక్కువున్నాయి. ముక్కులోకి సన్నటి కెమెరా గొట్టం పంపి నాసల్ ఎండోస్కోపీ చేస్తే తొక్క తీసిన ద్రాక్షపళ్లలాంటివి రెండువైపులా కనిపించాయి. పాలిప్స్ అన్నారు, వాసన లోపలికి చేరకుండా అవే అడ్డుపడుతున్నాయట.

"పురుగేమన్నా చేరిందా మేడమ్?" అని నా భర్త మునిరత్నం అడిగాడు.

"పురుగేమీ లేదు. ఇంటి దుమ్ములో కంటికి కనపడని మైట్స్ అనే జీవులుంటాయి, అవి ఈమెకు పడవు. అవి తగిలితే లోపలి కణాలు ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. ఆ కబురు మోసేవాటిని సైటోకైన్స్ అంటాం. వాటిలో ఐఎల్-4, ఐఎల్-13 అలర్జీని పెంచుతాయి. ఐఎల్-5 ఇసినోఫిల్స్‌ను రప్పిస్తుంది. అందుకే ఈ వాపు."

"అంటే నా ఒళ్లే నన్ను ఇట్ల చేస్తా ఉండాదా?" అన్నాను. ఆమె తలూపింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు.

స్టెరాయిడ్ స్ప్రే, మాత్రలు వాడినా పాలిప్స్ కరగలేదు. సీటీ స్కాన్ తీసి ఆపరేషన్ చేశారు. ఇంటికొచ్చాక ఒక సాయంత్రం మునిరత్నం ఆటో తోలి వచ్చి చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. చెమట, పెట్రోలు కలిసిన వాసన గుప్పున తగిలింది. ఆ చొక్కా ముఖానికి అదుముకుని ఏడ్చేశాను.

"కంపు కొట్టే సొక్కాకు ఏడుస్తావా మే?" అంటూనే ఆయనా కళ్లు తుడుచుకున్నాడు.

మళ్లీ ట్యాంకుల దగ్గర నిలబడ్డాను. ఆపరేషన్ తర్వాతా వాడమన్న స్ప్రేను, బాగైపోయిందని మానేశాను. వాసన తిరిగొచ్చి నలభై రోజులు గడిచాక ఒక పొద్దున ఇంగువ డబ్బాలో ముక్కు పెట్టి చూశాను. ఏమీ లేదు.

మళ్లీ తిరుపతి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. "స్ప్రే ఆపకుండా ఉంటే నిలిచేదా మేడమ్?"

"చెప్పలేనమ్మా. వాడేవాళ్లలో కూడా కొందరికి మళ్లీ వస్తుంది. మేం పాలిప్స్ తీశాం, ఆ కబుర్లను ఆపలేదు కదా." ఐఎల్-4, ఐఎల్-13లను అడ్డుకునే బయలాజిక్ ఇంజెక్షన్లు ఉన్నాయని, చాలాకాలం వేసుకోవాల్సి రావచ్చని చెప్పింది. వాటి ఖరీదు మాకు అందేది కాదని మునిరత్నం ముఖం చూస్తేనే తెలిసింది.

ఇప్పుడు గుజ్జు డ్రమ్ములకు లేబుళ్లు అంటిస్తున్నాను. పాలు విరిగాయో లేదో మునిరత్నమే చూసి చెబుతాడు. ఫ్యాక్టరీలో నా చోటికి వచ్చిన సుజాత మొన్న అడిగింది: "అక్కా, పులుపు తిరగతా ఉండాదని నీకు మొదట్లోనే ఎట్ల తెలిసేది?" ఆ వాసన ఎలా ఉండేదో నాకే గుర్తు రావడం లేదు.

స్ప్రే మళ్లీ మొదలుపెట్టాను. తుమ్ములు తగ్గాయి, వాసన రాలేదు. వస్తుందన్న ఆశ పెద్దగా లేదు. ఇది చదివేవారికి చెప్పగలిగేది ఒక్కటే. ముక్కు తేలికపడిందని, వాసన వచ్చిందని మందు మీ అంతట మీరు మానకండి. డాక్టరును అడిగి మానండి. నేను అడగలేదు.