రాదిసావ్ కొట్టుకు ఎవరూ ఎందుకు రాలేదు

మొరావా నది ఒడ్డున ఉన్న మా పట్టణంలో జోర్కా టీచర్ ఇరవై ఏడేళ్లు వాణిజ్య పాఠాలు చెప్పింది. నేను పక్క గదిలో లెక్కలు చెప్పేవాణ్ణి. వ్యాపారం మీద బయటి పరిస్థితుల ప్రభావం అనే పాఠం ఏటా అక్టోబరులో వచ్చేది. పిల్లలు రాజకీయం, డబ్బు, సమాజం, సాంకేతికత, ప్రకృతి, చట్టం అనే ఆరు కారణాలనూ వల్లెవేసి, పరీక్ష రాసి, మరచిపోయేవారు.

ఆ ఏడు ఆవిడ పుస్తకం మూసేసింది.

"బస్టాండు పక్కన రాదిసావ్ బురెక్ కొట్టు తెలుసుగా? రేపటి నుంచి మీకు అదే పుస్తకం."

"తినొచ్చా టీచర్?" అన్నాడు ఒగ్నెన్.

"కొనుక్కుని తిను. ముందు కళ్లు తెరిచి చూడు."

వసంతం నుంచి రాదిసావ్‌కు బేరాలు పడిపోతున్నాయి. కొట్టు తండ్రి నాటిది. తమ్ముడు మిలోయె బల్ల మీద పిండిని కాగితమంత పలచగా సాగదీస్తే, అన్న అందులో జున్నో మాంసమో పెట్టి కాల్చి బురెక్‌లుగా అమ్మేవాడు. తప్పంతా తమ్ముడి చేతిదేనని రాదిసావ్ తేల్చేశాడు. "పిండి సాగదీయమంటే తోలు సాగదీస్తున్నావేంట్రా!" అని నలుగురి ముందూ అరిచాడు. మిలోయె ఏప్రన్ విప్పి బల్ల మీద పడేసి, సామిల్లులో పనికి కుదిరాడు. తరవాత రాదిసావ్ జున్ను మార్చాడు, నూనె మార్చాడు. జనం మాత్రం రాలేదు.

పిల్లలు రెండు వారాలు వంతులు వేసుకుని, బడికి ముందు ఆ కొట్టులో కూర్చుని వచ్చేపోయేవాళ్లను రాసుకున్నారు.

"నా కొట్టేమన్నా సర్కసా టీచరమ్మా?" అని విసుక్కున్నాడు రాదిసావ్.

"సర్కసుకైతే జనం వస్తారు కదయ్యా," అంది జోర్కా.

ఆ తరగతిలోని తియానా అనే అమ్మాయి తల్లి చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేసేది. తియానా ఇంటికెళ్లి అడిగింది. "అమ్మా, రాదిసావ్ దగ్గర కొనడం ఎందుకు మానేశావు?"

"మేమెక్కడ మానేశామే? మార్చి నుంచి షిఫ్టు ఏడింటికి కాదు, ఐదున్నరకి. మేం అటు వెళ్లేసరికి ఆయన పొయ్యి కూడా వెలిగించడు."

ఇంకో సంగతి ఒగ్నెన్ పట్టుకొచ్చాడు. పాత వంతెనకు మరమ్మతులు మొదలయ్యాక పల్లె బస్సులు బస్టాండు దాకా రాకుండా నది అవతలే ఆగిపోతున్నాయి.

నల్లబల్ల మీద కారణానికొకటి చొప్పున ఆరు గళ్లు గీస్తే రెండే నిండాయి. మిగతావి కూడా నింపేద్దామని ఒకడు సుద్దముక్క తీసుకున్నాడు.

"లేనిదాన్ని పుట్టించకు. ఖాళీ గడి కూడా జవాబే," అంది జోర్కా.

రాదిసావ్‌కు చెప్పడానికి అందరూ కలిసి వెళ్లారు. తియానా చెబుతుంటే ఆయన చేతులు తుడుచుకుంటూ విన్నాడు.

"అయితే పిండి బాగానే ఉండేదా?"

"మా అమ్మ ఇప్పటికీ మీ తమ్ముడి చేతి పొరలనే తలుచుకుంటుంది బాబాయ్."

ఆయన పిండి బస్తా మీద కూలబడ్డాడు. పిల్లలు ఏం చేయాలో తోచక జోర్కా వైపు చూశారు. ఆవిడకూ తోచలేదు. "నేను పాఠం చెప్పడానికి తీసుకెళ్లాను. అన్నదమ్ముల గొడవ నా లెక్కలో లేదు," అని తరవాత నాతో అంది.

ఆదివారం రాదిసావ్ తమ్ముడి ఇంటికి వెళ్లాడు.

"ఇక్కడ తోలు దొరకదు," అన్నాడు మిలోయె గుమ్మంలోనే.

"షిఫ్టు ఐదున్నరకట్రా. నాలుగింటికే పొయ్యి వెలగాలి. నా ఒక్కడి వల్ల కాదు."

"క్షమాపణకి వచ్చావా, పనికి పిలవడానికి వచ్చావా?"

"రెంటికీ."

"మొదటిది ముందు కానీ."

రాదిసావ్ చెప్పాడు. అయినా మిలోయె వెంటనే కదల్లేదు. సామిల్లులో నెల పూర్తిచేసుకునే వచ్చాడు. ఫ్యాక్టరీ గేటు ఎదురుగా చిన్న గది అద్దెకు తీసుకుని ఇద్దరూ తెల్లవారకముందే మొదలుపెట్టారు. వంతెన బాగయినా బస్సులు వెనక్కి రాలేదు. తండ్రి నాటి కొట్టును మూసేయక తప్పలేదు. ఆ రోజు బోర్డు దించింది మిలోయే.

అనుమతి లేకుండా పిల్లల్ని బయటికి తిప్పినందుకు జోర్కాకు పైనుంచి హెచ్చరిక వచ్చింది. ఆవిడ సంతకం చేసి ఇచ్చేసింది. మరుసటి ఏడు ముందే అనుమతి తీసుకుని, గొడుగులు బాగుచేసే ముసలాయన దగ్గరికి తీసుకెళ్లింది. ఆ ఏడు వానలే పడలేదు.